బాడీ మాత్రమే

మంగళవారం ఉదయం ఆమె మొదటి పని ఒక పెళ్లికొడుకు ముక్కు మీది మొటిమను తీసేయడం. రెండో పని, అదే మొటిమను మిగతా నూట నలభై ఫొటోల్లోంచి తీసేయడం.

స్టూడియో ముందుగదిలో ఫొటోలు తీస్తారు. వెనక గదిలో ఆమె వాటిని బాగుచేస్తుంది. ఆ గదికి కిటికీ లేదు. తలుపు బదులు ఒక ముదురు నీలం తెర ఉంది. ఫ్యాను గట్టిగా తిరిగితే ఆ తెర ఎగిరి ముందుగదిలో వెలుతురు పాడవుతుందని, ఎండాకాలమైనా ఫ్యాను ఒకటో నంబరు దాటదు. పన్నెండేళ్లుగా ఆమె ఆ గాలికిందే కూర్చుని మొటిమలు, కళ్ల కింద నలుపు, గోడ మీద పడ్డ నీడ, మధ్యలోకి దూరిన పక్కవాడి భుజం చెరిపేస్తోంది. ఎవరో ఒకసారి వచ్చి ‘ఆ మచ్చలు తీసే అక్క ఉందా?’ అని అడిగారు. అప్పటినుంచి వీధిలో ఆమె మచ్చలక్క. కొరియర్ తెచ్చేవాడు కూడా ఆ పేరుతోనే పిలుస్తాడు.

ఇన్నేళ్లలో ఆమె కెమెరాతో ఒక్క ఫొటో తీయలేదు. ఫోనుతో తీసినవి లెక్కలోకి రావని ఆమె అభిప్రాయం.

కిందటి నెల ఓనరు కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాం వేయించాడు. ఒక్కసారి నొక్కితే చాలు, మొహం మీది మచ్చలన్నీ దానంతట అదే తీసేస్తుంది. చెవిపోగులు కూడా మచ్చలనుకుని అప్పుడప్పుడు తీసేస్తుందిగాని, ఓనరుకు అదొక లోపంగా కనిపించలేదు.

“వచ్చే నెల నుంచి మధ్యాహ్నం దాకా వస్తే చాలమ్మా,” అన్నాడు.

“జీతం?”

“అదీ మధ్యాహ్నం దాకానే.”

ఆ మాట ఇంట్లో చెప్పిన వారానికి ఆడపడుచు వచ్చింది. ఆమె ఒక బడి ఆఫీసులో పనిచేస్తుంది. మంచినీళ్లు తాగేదాకా కూడా ఆగలేదు.

“వదినా, నీ గురించి మా మేడంతో చెప్పేశాను.”

“ఏమని?”

“ఫొటోగ్రాఫర్‌వని. పన్నెండేళ్ల అనుభవం అని కూడా అన్నాను. అబద్ధం కాదుగా.”

“అందులో ఒక్కరోజైనా కెమెరా పట్టుకున్నానా?”

“అది ఆవిడ అడగలేదు. కెమెరా ఏదని మాత్రం అడిగింది.”

“ఏం చెప్పావు?”

“పెద్దదే అన్నాను.”

సంగతేమిటంటే, ఆ బడిలో పిల్లలందరికీ గుర్తింపు కార్డులకు ఒక్కో ఫొటో, తరగతికొక గ్రూపు ఫొటో తీయాలి. కిందటేడు ఒక టీచరు ఫోనుతో తీస్తే, పెద్దవి చేయించేసరికి వెనక వరుసలో మొహాలు అలుక్కుపోయాయి. అందుకే ఈసారి సొంతంగా మంచి కెమెరా ఉన్నవాళ్లే రావాలని మేడం పట్టుబట్టింది. తీసే రోజు శుక్రవారం. ఈ పని కుదిరితే ఏడాదిలో మరో మూడుసార్లు పిలుస్తారు. పోయే సగం జీతానికి అది సరిపోతుంది. కుదరకపోతే పక్క వీధి స్టూడియోవాళ్లతో మాట్లాడుకోవడానికి మేడం సిద్ధంగానే ఉంది. ‘మా వదిన’ అని ఆఫీసంతా చెప్పుకున్న ఆడపడుచు మొహం ఎక్కడ పెట్టుకుంటుందన్నది వేరే సంగతి.

స్టూడియో కెమెరా ఒక్కరోజు ఇమ్మని అడిగితే ఓనరు పెదవి విరిచాడు. “పెళ్లిళ్లకు తప్ప అది బయటికి పోదమ్మా.” అతని దృష్టిలో బడి ఫొటోలు చిల్లర పని.

ఇంట్లో ఫ్రిజ్ మారుద్దామని దాచిన ఇరవై వేలున్నాయి. ఫ్రిజ్ తలుపు తనంతట తాను మూసుకోదు, దానికో తాడు కట్టారు. తాడు ఇంకో ఏడాది ఆగుతుందని భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. కొత్త కెమెరా, అన్నిటికన్నా కింది రకం, లెన్సుతో కలిపి చూస్తే ఆ డబ్బుకు దాదాపు రెట్టింపు ఉంది. పాతదే దిక్కు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆమె స్టూడియో ఫొటోగ్రాఫర్‌ను సలహా అడిగింది. అతని పేరు నవ్వండి. రోజుకు వందసార్లు ఆ మాట అంటాడు, తను మాత్రం నవ్వడు. టిఫిన్ డబ్బా మూత తీస్తూ చెప్పాడు.

“పిక్సెళ్లు ఎన్నో చూస్తూ కూర్చోకక్కా. నువ్వు తీసే పిల్లల ఫొటో వేలెడంత. దానికి ఏదైనా చాలు. డబ్బు మొత్తం కెమెరాకే తగలేయకు, ఫ్లాష్‌కి కొంత ఉంచుకో. బడి వరండాల్లో వెలుతురు ఉండదు.”

“పాతది మంచిదో కాదో ఎలా తెలుస్తుంది తమ్ముడూ?”

“లెన్సుకి మూత పెట్టి ఒక ఫొటో తియ్యి.”

“మూత పెట్టా?”

“పెట్టే. మొత్తం నల్లగా రావాలి. అందులో చుక్కలు కనిపిస్తే లోపల మచ్చలున్నట్టు.”

“అక్కడా మచ్చలేనా.”

తోడు వస్తానన్నాడుగాని, ఆ రాత్రే పెళ్లి ఫొటోలకు పొరుగూరు వెళ్లాల్సి వచ్చింది. గురువారం దాకా రాడు.

మిగిలింది భర్త. ఆయన ఆసుపత్రిలో వ్యాను నడుపుతాడు. అక్కడ రెండు వ్యాన్లున్నాయి. ఒకటి రోగుల్ని తెస్తుంది, ఈయనది తీసుకెళ్లే వ్యాను. ఇరవై ఏళ్లుగా అదే పని కాబట్టి కొన్ని మాటలకు ఆయనకు ఒకే అర్థం తెలుసు. భార్య ఫోనులో ప్రకటనలు చూసి చూసి కళ్లు నలుపుకోవడం చూడలేక, తనూ వెతకడం మొదలుపెట్టాడు. బుధవారం మధ్యాహ్నం ఒకటి దొరికింది. పాత కెమెరాలు అమ్మే కొట్టువాడు పెట్టిన ప్రకటన. బొమ్మలో కెమెరా నిగనిగలాడుతోంది. కింద ‘బాడీ మాత్రమే, పదహారు వేలు’ అని ఉంది. సంచీ, పట్టీ లాంటివి ఇవ్వరు కాబోలు, అందుకే చవక అనుకున్నాడు. ఆసుపత్రి వెనక వరండాలో నిలబడి ఫోను చేశాడు.

“బాడీ ఉందాండీ, ఇచ్చేశారా? ... ఎన్నాళ్లయింది? ... కండిషన్ ఎలా ఉంది? గీతలు, గాట్లు ఏమైనా ఉన్నాయా? ... సరే, ఎవరికీ ఇవ్వకండి. సాయంత్రం వచ్చి నేనే తీసుకెళ్తా. అడ్వాన్సు ఇప్పుడే పంపిస్తున్నా.”

పక్క బెంచీ మీద ఎవరి కోసమో ఎదురుచూస్తున్న పెద్దమనిషి లేచి, దూరంగా ఉన్న బెంచీ మీదికి వెళ్లి కూర్చున్నాడు. గేటు దగ్గరి కాపలావాడు సాయంత్రం ఆపి అడిగాడు, “ఏంటి బావా, బయట సరుకు కూడా పట్టావా?”

అడ్వాన్సు ఐదు వేలు. సాయంత్రం ఇద్దరూ కలిసి కొట్టుకు వెళ్లారు. చిన్న కొట్టు. గాజు అలమరల నిండా కెమెరాలు, ప్రతిదాని మెడలో ధర రాసిన అట్టముక్క. కొట్టువాడు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి కెమెరా తీసి ముందు పెట్టాడు. దాని ముందు భాగంలో గుండ్రటి ప్లాస్టిక్ మూత ఉంది. ఆమె మూత విప్పింది. వెనక ఖాళీ.

“లెన్సేదండీ?”

“బాడీ మాత్రమే అని రాశాంగా అమ్మా.”

ఆమె భర్త వైపు చూసింది. భర్త కెమెరా వైపు చూశాడు.

“బాడీ అంటే మొత్తం కదా,” అన్నాడు.

“బాడీ అంటే బాడీయే సార్. కన్ను వేరు.”

“ఇదేం పద్ధతండీ. మా దగ్గర బాడీ అంటే అన్నీ కలిపే ఇస్తాం. వాచీ, ఉంగరం, చెప్పులతో సహా. పైగా సంతకం పెట్టించుకుని మరీ.”

కొట్టువాడు కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించుకున్నాడు. “మీరేం చేస్తుంటారు సార్?”

“ఆసుపత్రి వ్యాను.”

“అదా,” అని కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

లెన్సు విడిగా కొంటే తొమ్మిది వేలు. అంతా కలిపితే ఉన్న డబ్బు దాటిపోతుంది, ఫ్లాష్ ఊసే ఉండదు. అడ్వాన్సు తిరిగి ఇవ్వబోమని గోడ మీద బోర్డే ఉంది. భర్త గొంతు పెంచాడు. ప్రకటనలో సరిగ్గా రాయాలన్నాడు. సరిగ్గానే రాశామన్నాడు కొట్టువాడు. ఆమె భర్త మోచెయ్యి పట్టుకుంది.

“ఉండండి. మీరు అరిస్తే దానికి కన్ను మొలవదు.”

చివరికి కొట్టువాడు ఒక మెట్టు దిగాడు. ఆ అడ్వాన్సుకు కొట్టులో ఇంకేదైనా తీసుకోవచ్చు. తీసుకున్నాక మాత్రం మార్చడం, తిరిగివ్వడం ఉండవు.

లెన్సుతో కలిపి వాళ్లకు అందే ధరలో రెండే ఉన్నాయి. ఒకటి చిన్నది, తేలికైనది, ఒంటి మీద గీత లేదు. ఎవరో అమ్మాయి సరదాపడి కొని నెల తిరక్కుండా అమ్మేసిందట. పదహారు వేలు. రెండోది బరువుగా ఉంది. కుడిచెయ్యి పట్టుకునే చోట నలుపు అరిగి బూడిదరంగు తేలింది. పదకొండు వేలు.

“ఇది ఒక డాక్టరుగారిదమ్మా. పిట్టల ఫొటోలు తీసేవారు. ఆదివారం తప్ప బయటికి తీసింది లేదు.”

ఆమె ముందు చిన్నదాన్ని చేతిలోకి తీసుకుని, మూత తీయకుండానే మీట నొక్కబోయింది.

“మూత తీయండమ్మా,” అన్నాడు కొట్టువాడు.

“పెట్టే తీయాలండీ.”

“మూత పెట్టి తీస్తే ఏం వస్తుంది?”

“ఏమీ రాకూడదు.”

కొట్టువాడు భర్త వైపు చూశాడు. భర్త ఏమీ తెలియకపోయినా అంతేనన్నట్టు తలూపాడు.

చిన్న కెమెరాలో ఏమీ రాలేదు. శుభ్రమైన నలుపు. పెద్దదానితో తీసిన ఫొటోను ఆమె వెనక తెర మీద పెద్దది చేసి, రోజూ స్టూడియోలో చేసినట్టే ఒక మూల నుంచి వరుసగా చూసుకుంటూ వచ్చింది. కింది అంచుకు కాస్త పైన, ఎడమ వైపు, ఒక ఎర్ర చుక్క కనిపించింది.

ఆ చుక్క ఆమెకు తెలుసు. నాలుగేళ్లపాటు చీకట్లో తీసిన ప్రతి ఫొటోలోనూ దాన్ని ఆమే చెరిపింది. పెళ్లికూతురి పాదం మీద, సోఫా అంచున, నిద్రపోతున్న తాతగారి చెప్పు మీద, ఎప్పుడూ అక్కడే ఉండేది. ఏడాది కింద స్టూడియోకు కొత్త కెమెరా వచ్చాక ఆ చుక్క మళ్లీ కనిపించలేదు. ఇది డాక్టరుగారిది కాదు. నవ్వండి మెడలో నాలుగేళ్లు వేలాడింది.

“ఎన్ని ఫొటోలు తీసుంటారండీ దీంతో?” అని అడిగింది.

“డాక్టర్లకి తీరికెక్కడిదమ్మా. మహా అయితే ఐదారు వేలు.”

అంతకంటే ఎక్కువ ఒక్క పెళ్లిళ్ల సీజనులోనే ఆమె చేతి మీదుగా పోయాయి.

“అదేదో చుక్క కనిపిస్తోంది కదా, మరది వద్దు. చిన్నది కొత్తగా ఉంది, దాన్నే తీసుకో,” అన్నాడు భర్త.

ఆమె పెద్దదాన్ని చేతిలోంచి దించలేదు. ఈ పెద్ద కెమెరా మొహాలను కాస్త ఎర్రగా చూపిస్తుంది. నీడలో దిగాలుగా చూపిస్తుంది. గ్రూపు ఫొటోల్లో ఎడమ చివర నిలబడ్డవాళ్లు కొంచెం మసక. వీటన్నిటికీ ఏం చేయాలో ఆమెకు తెలుసు, నాలుగేళ్లు అదే చేసింది. చిన్నదానిలో ఏ లోపం ఉందో తెలియదు. శుక్రవారం నాడు, పిల్లల ముందు తెలుస్తుంది. పైగా చిన్నది కొంటే ఫ్లాష్‌కు డబ్బు చాలదు.

“పదివేలకి ఇవ్వండి.”

“ఎందుకమ్మా?”

“చుక్క ఉంది.”

కొట్టువాడు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఫ్లాష్, మెమరీ కార్డు, ఇంకో బ్యాటరీ కూడా అక్కడే కొన్నారు. వీధిలోకి వచ్చాక ఆమె భర్తకు అసలు సంగతి చెప్పింది.

“మరి అక్కడే నిలదీయవేం?”

“నిలదీస్తే డాక్టరు బదులు లాయరు అంటాడు.”

గురువారం నవ్వండి ఊరినుంచి వచ్చాడు. వెనక గది బల్ల మీద ఉన్న కెమెరాను ఎత్తి ఇటూ అటూ తిప్పాడు. అతని బొటనవేలు అరిగిన చోటికి తనంతట తానే వెళ్లి ఆగింది.

“ఇదెక్కడిదక్కా?”

“కొన్నాను.”

“డబ్బిచ్చా? దీన్ని వదిలించుకోవడానికి నేను నానా తంటాలు పడ్డాను. నువ్వెళ్లి వెనక్కి పట్టుకొచ్చావా?”

“చుక్క చూసి గుర్తుపట్టాను. దీని లోపాలన్నీ నాకు తెలిసినవే కదా.”

“చుక్క కాదు దీని రోగం. మధ్యలో ఆగిపోతుంది. పదిహేనో ఇరవయ్యో గబగబా తీస్తే షట్టర్ పట్టేస్తుంది. ఎంత నొక్కినా పలకదు. అందుకే అమ్మించాను.”

ఆమె మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చుంది. దిగిన ఫొటోలన్నీ వెనక గదికి వచ్చేవి. దిగని ఫొటోలు ఎప్పుడూ రాలేదు.

“నాకెప్పుడూ చెప్పలేదేం?”

“నువ్వెప్పుడూ అడగలేదుగా.”

తిరిగి ఇద్దామంటే ఆ కొట్టులో కుదరదు. నవ్వండి వాడే స్టూడియో కెమెరా మర్నాడు ఉదయం మళ్లీ ఒక పెళ్లికి వెళ్తోంది. మిగిలిన దారి ఒక్కటే, అదీ అతనే చూపించాడు. తొందరపడకూడదు. పది ఫొటోలకొకసారి ఆపాలి. అయినా పట్టేస్తే బ్యాటరీ ఊడదీసి, కాసేపాగి, మళ్లీ పెట్టి, గోడ వైపు తిప్పి ఉత్తిగా ఒక ఫొటో కొట్టాలి. ఆమె మధ్యాహ్నం స్టూడియో వెనక పెరట్లో నీళ్ల డ్రమ్మును, మెట్లను, మెట్ల మీద కూర్చున్న నవ్వండిని తీసి సాధన చేసింది. కెమెరా రెండుసార్లు పట్టేసింది.

“నవ్వు,” అంది అతనితో.

“నాకు రాదక్కా.”

శుక్రవారం ఉదయం బడి వరండా చివర గోడకు లేత నీలం దుప్పటి కట్టి, ముందు ఒక స్టూలు వేశారు. ఆడపడుచు పేర్లు పిలుస్తోంది. మేడం చేతులు కట్టుకుని స్తంభం పక్కన నిలబడింది. మొదటి తరగతి సాఫీగా అయిపోయింది. రెండో తరగతి మధ్యలో మీట బిగుసుకుంది.

ఆమె బ్యాటరీ ఊడదీసింది. స్టూలు మీద కూర్చున్న పిల్ల అదంతా శ్రద్ధగా చూసింది.

“మా నాన్న ఫోను ఇలా ఆగదు.”

“మీ నాన్న ఫోను చిన్నది కదమ్మా.”

“మా నాన్న ఫోనే పెద్దది.”

మేడం దగ్గరికి వచ్చింది. “ఏమైంది?”

“పెద్ద కెమెరాలు అంతే మేడం, వేడెక్కుతాయి,” అంది ఆడపడుచు, పేర్ల కాగితంలోంచి తలెత్తకుండా.

“ఎన్నాళ్లుగా వాడుతున్నారు దీన్ని?” అని మేడం ఈమెను అడిగింది.

“ఐదేళ్లుగా తెలుసండీ,” అందామె. ఆ జవాబులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఆ తర్వాత ఆమె తనే నెమ్మదించింది. ఒక్కొక్కరికి ఒక్కటే ఫొటో. స్టూలు ఎక్కాక కాలు ఊపడం మానేదాకా, పక్కవాడు వెక్కిరించడం ఆపేదాకా, మొహం కుదురుకునేదాకా ఆగి అప్పుడు నొక్కింది. కెమెరా మళ్లీ మళ్లీ మొరాయించింది. భోజనాల గంట కొట్టేసరికి సగం తరగతులు కూడా కాలేదు. లెక్కల టీచరు రెండుసార్లు వచ్చి తన పిరియడ్ పోయిందని గొణిగి వెళ్లింది. బడి వదిలే వేళకు పై తరగతి గ్రూపు మిగిలింది. యాభై మందిని మెట్ల మీద నాలుగు వరుసల్లో నిలబెట్టడానికే చాలాసేపు పట్టింది. సరిగ్గా అప్పుడే షట్టర్ పట్టేసింది. ఆమె బ్యాటరీ పెట్టేలోగా ముందు వరుస కూలబడి కబుర్లలో పడింది, వెనక వరుసలో ఇద్దరు తోసుకున్నారు. మళ్లీ నిలబెట్టారు. రెండు తీయగలిగింది. మూడోది పడలేదు.

ఆ రాత్రి, మర్నాడు ఉదయం ఆమె ఇంట్లో పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఎరుపు తగ్గించింది, ఎడమ చివరివాళ్ల మసక తుడిచింది. శనివారం మధ్యాహ్నం మేడం ఆఫీసు కంప్యూటర్‌లో ఒక్కో ఫొటో చూస్తుంటే, ఆమె కుర్చీ అంచున కూర్చుంది. ఆడపడుచు బీరువా సర్దుతున్నట్టు అక్కడక్కడే తిరిగింది. మేడం చివరిదాకా చూసింది. గ్రూపు ఫొటో దగ్గర కాసేపు ఆగింది.

“ఫొటోలు బాగున్నాయి,” అంది. “మీ కెమెరాయే నాకు నచ్చలేదు.”

“తెలుసండీ.”

“రెండు నెలల్లో ఆటల పోటీలున్నాయి. అప్పటికి ఇంకోటి చూసుకోండి. పరుగెత్తే పిల్లలు మీరు బ్యాటరీ తీసి పెట్టేదాకా ఆగరు.”

“చూసుకుంటానండీ.”

“ఇప్పుడు తీసినవాటికి డబ్బు సోమవారం ఇప్పిస్తాను. కార్డు ఫొటోల్లో కళ్లు మూసుకున్న ఈ ముగ్గురిని కూడా అప్పుడే మళ్లీ తీసేయండి.”

ఆడపడుచు బీరువా తలుపు మూసి, పేర్ల కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. పిల్లలు మొత్తం మూడు వందల పన్నెండు మంది. పనికొచ్చిన కార్డు ఫొటోలు మూడు వందల తొమ్మిది. మిగిలిన ముగ్గురూ సోమవారం, మొదటి గంట కొట్టకముందే వరండాలోకి రావాలి.